పర్లేదు, ఒకసారి చూడొచ్చు

"సినిమా ఎలా ఉంది?" అని మనవాళ్లు అడిగితే, మన అభిప్రాయం అడిగారని పొరబడకూడదు. అడిగేవాళ్లలో మూడు రకాలున్నారు. టికెట్లు ముందే కొనేసి, ధైర్యం కోసం అడిగేవాళ్లు మొదటి రకం. వెళ్లకూడదని ఎప్పుడో నిర్ణయించుకుని, ఇంట్లోవాళ్లకు చూపించడానికి సాక్షి కోసం అడిగేవాళ్లు రెండో రకం. మూడో రకం మా బావమరిది. పొద్దున్నే మొదటి ఆట చూసొచ్చి, ఆ మాట పొక్కనీయకుండా రాత్రి భోజనాల దాకా కాచుకుని, నేను నోరు విప్పగానే "నీకు సినిమా అర్థం కాలేదు బావా" అంటాడు.

ఇలాంటివాళ్ల మధ్య కాపురం చేసేవాళ్ల కోసమే "పర్లేదు, ఒకసారి చూడొచ్చు" అనే మాట పుట్టింది. వెళ్లి తిట్టుకున్నవాడొస్తే "ఒకసారి అన్నానుగా, పండగ చేసుకోమన్నానా?" అనొచ్చు. వెళ్లి మురిసిపోయినవాడొస్తే "చూడొచ్చని చెప్పానా లేదా?" అనొచ్చు. "ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్‌లో కొంచెం ల్యాగ్" అనేది ఇంకా భద్రం. 'భక్త ప్రహ్లాద' మొదలుకుని నిన్నటి శుక్రవారం దాకా ఏ సినిమాకైనా అతుకుతుంది, పైగా చూడకుండానే చెప్పొచ్చు. "క్లైమాక్స్ మార్చుంటే ఇంకో రెండు వారాలు ఆడేది" అన్నవాడిని మాత్రం నమ్మకండి. పార్కింగ్‌లో ఇరుక్కుపోతామని వాడు క్లైమాక్స్‌కి ముందే లేచి వచ్చేసి ఉంటాడు.

మా ఇంట్లో ఇంకో తంటా ఉంది. మావాళ్లు సినిమాని సినిమాగా చూడరు, చుట్టాల ఆల్బమ్‌గా చూస్తారు. 2025లో 'కోర్ట్' చూసొచ్చాం. పోక్సో కేసు, కుర్రాడి నిర్దోషిత్వం, ప్రియదర్శి వాదన... మాట్లాడుకోవడానికి ఎంత ఉంది! ఇంటికొచ్చాక జరిగిన చర్చ మాత్రం, శివాజీ వేసిన ఆ మంగపతి మన కుటుంబంలో ఎవరు అని. మా ఆవిడ వైపు నుంచి రెండు పేర్లు, నా వైపు నుంచి మూడు వచ్చాయి. ఆ మూడింట్లో నా పేరు కూడా ఉందని తర్వాత తెలిసింది. ఆ రాత్రి దర్శకుడి గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

'బలగం' వచ్చిన 2023 నుంచి మా విందుల తీరే మారిపోయింది. అందులో బావాబామ్మర్దుల మధ్య నల్లిబొక్క దగ్గర మొదలైన అలక ఏళ్ల తరబడి సాగుతుంది. చచ్చిపోయిన పెద్దాయన పిండాన్ని కాకి ముట్టదు. థియేటర్లో కళ్లు తుడుచుకున్న మా బావమరిది, ఆ తర్వాత ఏ విందులో కూర్చున్నా విస్తరిని రెండుసార్లు కలియబెట్టి చూసుకుని, నా వంక చూస్తున్నాడు. వడ్డించేవాళ్లు ముందు అల్లుళ్ల బంతికి వచ్చి, "నల్లిబొక్క పడిందా అండీ?" అని వినయంగా అడిగి కదులుతున్నారు. ఒక సినిమా సమాజాన్ని ఇంతకంటే ఏం మార్చాలి?

పాటల దగ్గరికొస్తే గొడవ ఇంకా ముదురుతుంది. సినిమా నచ్చలేదంటే మనవాడు కోప్పడి ఊరుకుంటాడు. పాట నచ్చలేదంటే వాణ్ని కన్నవాళ్లని అన్నట్టు చూస్తాడు. దీనికి అసలైన రణరంగం హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లే కారు. అందులో బ్లూటూత్‌కి ఎవరి ఫోను కలపాలి? ఎల్బీనగర్ దాటకముందే మొదలయ్యే ఈ రభస పడలేక, మా ఆవిడ ఒక రాజ్యాంగం రాసింది. టోల్‌గేటు టోల్‌గేటుకీ ఫోను మారాలి. పంతంగి నుంచి కొర్లపహాడ్ దాకా మా పెదనాన్న, అక్కణ్నుంచి చిల్లకల్లు దాకా నేను, ఆపైన విజయవాడ దాకా మా మేనల్లుడు.

పెదనాన్న వంతు 'మాయాబజార్'తో మొదలవుతుంది. పాటకంటే ముందు ఉపోద్ఘాతం. "ఒరేయ్, ఇందులో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారివి. ఆయన తప్పుకున్నాక మిగతాదంతా ఘంటసాలే నడిపించాడు. తెలుసా?" తెలుసని అంటే మాకు చదువు ఎక్కువైందంటాడు, తెలియదంటే ఎందుకు పుట్టారంటాడు. 1974లో ఘంటసాల పోయాక తెలుగులో పాటన్నదే పుట్టలేదని ఆయన సిద్ధాంతం. మరి పొద్దున్నే గడ్డం గీసుకుంటూ 'శంకరాభరణం' కూనిరాగం తీస్తారే, అది 1980 కదా అంటే, "అది పాట కాదురా, సంగీతం" అని కొట్టిపారేస్తాడు. అద్దంలో సోమయాజులుగారిని చూసుకుంటున్నాడని మా అనుమానం.

కొర్లపహాడ్‌లో ఫాస్టాగ్ కూత వినబడగానే రాజ్యం నాది. 'సాగర సంగమం', 'రుద్రవీణ', 'గీతాంజలి'... ఇళయరాజా వచ్చాక కారు కూడా కుదుపుల్లేకుండా పోతుందని నా నమ్మకం. నేను కళ్లు అరమూసి వేణువు ఎక్కడ వస్తుందో, వయొలిన్లు ఎక్కడ ఎత్తుకుంటాయో చేత్తో చూపిస్తుంటాను. వెనక సీట్లోంచి మేనల్లుడి గొంతు: "మావయ్యా, ఇందులో డ్రాప్ ఎప్పుడొస్తుంది?" వాడి దృష్టిలో పాటంటే రెండు నిమిషాలు ఓపిక పడితే మూడో నిమిషంలో స్పీకరు పగలాలి. పెదనాన్న నిద్ర నటిస్తాడు. సూర్యాపేటలో టీ కోసం ఆపితే మాత్రం టక్కున లేస్తాడు.

చిల్లకల్లు దాటాక మేనల్లుడు పెట్టేది 'ఆరెంజ్'. ఇక్కడ నాకు నోరు పెగలదు. ఆ సినిమా 2010లో విడుదలైనప్పుడు పోయిందంటే అలా ఇలా పోలేదు. అప్పటికి వీడు పలకాబలపం పట్టిన వయసు. 2023లో మళ్లీ విడుదల చేస్తే, వీడూ వీడి స్నేహితులూ వెళ్లి, కుర్చీల్లో కూర్చోకుండా ప్రతి పాటా మొదలునుంచీ చివరిదాకా పాడి, గొంతులు పోగొట్టుకుని వచ్చారు. హారిస్ జయరాజ్ పాటలు తెర మీదనుంచి ఒక్క ముక్క వినబడలేదట, అంతా హాల్లోంచేనట. 'రుద్రవీణ' కథా అంతేగా! 1988లో దానికి డబ్బులు రాలేదు, ఇళయరాజాకి జాతీయ అవార్డు మాత్రం వచ్చింది. ఆ పాటలకు ఈనాటికీ వయసు రాలేదు. ఆ రెండు సినిమాలూ చూసి "పోయింది, ఎత్తేశారు" అని తేల్చిన మేధావులు ఇప్పుడు ఎక్కడున్నారో కానీ, వాళ్ల కార్లోనూ ఆ పాటలే మోగుతుంటాయి.

మా పెదనాన్న తీర్పులకీ చెల్లుబాటు తేదీ ఉంటుంది. 'నాటు నాటు' మొదటిసారి విని, "దీన్ని పాటంటారా, కళ్లాపి చల్లే ముందు ముగ్గురు మనుషులు నేల దున్నుతున్నట్టుంది" అన్నాడు. 2023 మార్చిలో దానికి ఆస్కార్ వచ్చింది. కీరవాణి పక్కన నిలబడి చంద్రబోస్ "నమస్తే" అన్న దృశ్యం టీవీలో పదేపదే చూసి, సాయంత్రం పార్కులో తన తోటి పెద్దలకు "మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను, ఆ పదాల్లో మన మట్టి ఉందని" అంటూ వివరిస్తున్నాడు. నేను పక్కనే ఉండి తలూపాను. పెద్దవాళ్లతో పేచీ ఎందుకు?

మా ఆవిడ మాత్రం ఏ టోల్‌గేటూ అడగలేదు. 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం' పాటలు ఊరంతా మోగుతుంటే, వంటింట్లో పోపు పెడుతూ ఆగి, "ఇది రమణ గోగుల గొంతు కదండీ! 'తమ్ముడు', 'బద్రి' రోజుల్లో విన్నాం" అంది. చాలా ఏళ్లు కనబడని గొంతుని రెండు పదాల్లో పట్టేసింది. నేనేమో ఆ పాట మీద పది నిమిషాల ప్రసంగం సిద్ధం చేసుకుని ఉన్నాను. పోపు మాడింది, ప్రసంగం మూలపడింది.

నా తీర్పు ఇది. సినిమా మీద మన అభిప్రాయం సోమవారం కలెక్షన్ల దాకా నిలుస్తుంది. పాట మీద అభిప్రాయం కుదరడానికి పదేళ్లయినా పడుతుంది, అది కూడా మనల్ని అడిగి కుదరదు. కాబట్టి పాఠకులకు రెండు మనవులు. సినిమా నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి, కథ మాత్రం చెప్పకండి. కారులో పక్కవాడి పాట వస్తుంటే, రెండో చరణం అయ్యేదాకా దాని మీద చెయ్యి వేయకండి.