ఓఆరుకు పోతున్న బిడ్డా!

ఒకప్పుడు మా ఊళ్ళో బస్సును తిట్టనివాడు లేడు, ఎక్కేవాడూ లేడు. బండి ఉన్నవాడు బండి మీద పోయేవాడు. లేనివాడు షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఒక తొడ లోపల, ఒక తొడ బయట పెట్టుకుని పోయేవాడు. కానీ ఒక్కపూట పల్లెవెలుగు రాకపోతే చాలు, పంచాయతీ ఆఫీసు ముందు ఆర్టీసీకి దినం పెట్టేసేవారు.

కరోనా తర్వాత ఆ ముచ్చటా తీరింది. సర్వీసు ఎత్తేశారు. పెద్దమనుషులు వినతిపత్రం పట్టుకుని డిపోకు పోయారు, బండ్ల మీదే. మేనేజరు టీ తాగించి, "మీ రూట్ల ఓఆర్ లేదు" అన్నాడు. "ఎంతయినా సరే, శాంక్షన్ చేయుండ్రి సార్" అన్నాడు మా సర్పంచి. సీట్లు ఎన్ని, కూచున్నవాళ్ళు ఎందరు అనే లెక్క అదని తెలిశాక అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు.

1932లో నిజాం జమానాలో 27 బస్సులతో మొదలైన వ్యవహారం వేల బస్సులకు పెరిగింది గానీ, మా వాటాకు వచ్చింది ఒక్కటే. అది కూడా మాకెందుకంటే, ఆటో రేటు అదుపులో ఉండటం కోసం. 2019లో ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచినప్పుడు తెలిసొచ్చింది. బస్సున్నప్పుడు టికెట్ ధరకే "రా అన్నా, కూసో" అని పిలిచిన ఆటోవాళ్ళు, బస్సు ఆగగానే డబుల్ చెప్పి మొహం అటు తిప్పుకున్నారు. ఖాళీగా పోయే బస్సు, ఎక్కనివాడి జేబునూ కాస్తుంది. ఈ లాభం రాసుకోవడానికి డిపో రిజిస్టర్లో గడి లేదు.

చివరికి, "నెల రోజులు నడిపి చూస్తం, ఎక్కితే ఉంచుతం" అన్నాడు మేనేజరు. ఊరంతా వాడలవారీగా వంతులేసుకుంది. మా పెద్దమ్మ వంతు నాడు పట్టుచీర కట్టి, సంచి చంకన పెట్టింది.

"టౌన్ల ఏం పనున్నది పెద్దమ్మా?"

"నాకేం పనుంటది? ఓఆరుకు పోతున్న బిడ్డా!"

బస్టాండులో దిగి, మిర్చీలు తిని, అదే బస్సులో వాపస్. కండక్టర్ చిల్లర లేక టికెట్ వెనక రాసిన బాకీ వసూలు చేసుకోవడానికి మర్నాడు వంతు లేకున్నా మళ్ళీ పోయింది. మొత్తానికి బస్సు నిలిచింది.

2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక కథ తిరగబడింది. ఇప్పుడు కిటికీలోంచి దస్తీలు, సంచులు, ఒక్కోసారి పిల్లలు కూడా సీట్లలో పడుతున్నారు. "పైసలే లేనప్పుడు టికెట్ ఎందుకయ్యా?" అంటుంది పెద్దమ్మ. "నువ్వు జీరో టికెట్ తీస్కుంటేనే సర్కారు మాకు పైసలిస్తదమ్మా, ఆధార్ చూపియ్యి" అని కండక్టర్ బతిమాలుకుంటాడు. ఆ కార్డులో ఫోటో ఆమెదే అని నమ్మడానికి అతనికి రెండు స్టేజీలు పడుతుంది. టికెట్ కొన్న మగాళ్ళు రాడ్డు పట్టుకుని వేలాడుతూ పైసలు పెట్టి నిలబడుతున్నాం చూడండని మొత్తుకుంటారు. పాపం, వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఎక్కలేదు, అదొక్కటే చిక్కు.

అప్పటికి మాజీ అయిన మా సర్పంచి మళ్ళీ వినతిపత్రం రాయించాడు, రెండో బస్సు కోసం. మేనేజరు చదివి, "దానికి ఓఆర్ వస్తదా?" అన్నాడు.

"ఆ సంగతి మా పెద్దమ్మ చూసుకుంటది సార్!"