మూలలు కూడా పడుతున్నాయి

గృహస్థు అన్నవాడు బతికేదే ఫోటోకి అవతల. చుట్టాలు వీధి మలుపు తిరిగారని ఫోను రాగానే ఆరిన బట్టలన్నీ పోగేసి పడగ్గదిలో పడేసి తలుపు దగ్గరగా వేస్తాం. చెమ్మ పట్టిన గోడకి వేంకటేశ్వరస్వామి క్యాలెండరు తగిలిస్తాం. ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్లు మీద దుప్పటి కప్పుతాం. ఈ ఏర్పాట్లకి ఇన్నేళ్ళూ నోరెత్తకుండా సహకరించిన ఏకైక యంత్రం, మా ఆవిడ కెమెరాతో పాటు పెట్టెలో వచ్చిన 18-55 కిట్ లెన్సు. సోఫా పడితే కిటికీ పడేది కాదు. కిటికీ పడితే దాని కింద పాత పేపర్ల కట్టలు పడేవి కావు. రెండొందల గ్రాముల బరువు, ప్లాస్టిక్ ఒళ్ళు, ఎవరినీ నొప్పించని స్వభావం. అలాంటిదాన్ని అటకెక్కించి, ప్రొఫెషనల్ వైడ్ యాంగిల్ జూమ్ అనే పదార్థాన్ని ఇంట్లోకి తెచ్చారు. దాని మీద నా అభ్యంతరాలను సవినయంగా దాఖలు చేసుకుంటున్నాను.

డబ్బు ఆవిడది. కాలేజీలో జువాలజీ చెప్పి సంపాదించిన పీఆర్సీ బకాయిలు. నన్ను అడగలేదనడానికీ వీల్లేదు. "ఏవండీ, పదహారు ముప్పై అయిదు తీసుకుందామనుకుంటున్నా, మీరేమంటారు?" అంది. ఆ రెండు అంకెల మధ్య ఏముంటుందో తెలియని భర్త ఏమంటాడు? నీ ఇష్టం అంటాడు. అన్నాను. కాబట్టి కొనడం మీద నాకు ఫిర్యాదు లేదు. కొన్న తర్వాత జరుగుతున్న వాటి మీదే.

మొదట లెక్క. ఫుల్ ఫ్రేమ్ అంటే సెన్సారు 36కి 24 మిల్లీమీటర్లు ఉండాలట. మా ఆవిడ కెమెరాలో ఉన్నది చిన్నది, నిలువూ అడ్డమూ అందులో అరవై శాతం పైచిలుకు మాత్రమే. దాని మీద పాత లెన్సు 18 దగ్గర దాదాపు 74 డిగ్రీల మేర చూసేది. కొత్తది 16 దగ్గర 80 డిగ్రీలు చూస్తోంది. లక్ష దాటిన వస్తువు, ఆరు డిగ్రీలు! డిగ్రీకి ఎంత పడిందో భాగించి, కాగితం ఆవిడ టీ కప్పు కింద పెట్టాను. ఆవిడ చదివి, అదే లెన్సు ఫుల్ ఫ్రేమ్ మీద పెడితే 108 డిగ్రీలు వస్తుందని తాపీగా చెప్పింది. అంటే మనం డబ్బు కట్టేసిన డిగ్రీలు ఇంకో ఇరవై ఎనిమిది ఆ గొట్టంలోనే బందీగా ఉన్నాయి. వాటిని విడిపించాలంటే కొత్త కెమెరా బాడీ కావాలి.

నేనూ ఊరుకోలేదు, చదివాను. చిన్న సెన్సార్ల కోసమే అదే కంపెనీవాళ్ళు 2014లో ఒక 10-18 లెన్సు చేశారు. బరువు 240 గ్రాములు. ఉన్న కెమెరా మీదే 107 డిగ్రీలు చూస్తుంది. ధర ఇందులో చిన్న వాటా. ఈ సంగతి సాక్ష్యాలతో సహా విన్నవించుకుంటే ఆవిడ నా వైపు జాలిగా చూసి, "అది ప్రొఫెషనల్ కాదండీ" అంది. ఈ ఇంట్లో ఫోటోగ్రఫీ మీద బతుకుతున్న ప్రొఫెషనల్ ఎవరో నాకు ఇంతవరకు తెలియరాలేదు.

కౌపీనాన్ని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవుని, ఆవుకి గడ్డి కోసం పొలాన్ని తెచ్చుకుని సంసారిగా తేలిన సన్యాసి కథ మనవాళ్ళందరికీ తెలుసు. ఆయన అదృష్టవంతుడు, ఆయన కాలానికి ఫిల్టర్లు లేవు. ఈ లెన్సుకి దుమ్మూ నీళ్ళూ లోపలికి వెళ్ళకుండా కట్టుదిట్టం చేశామని ప్రకటనల్లో గొప్పగా చెప్పుకుంటారు. కూడా వచ్చిన చిన్న పుస్తకం తిరగేస్తే, ఆ కట్టుదిట్టం పూర్తి కావాలంటే ముందు ఫిల్టరు బిగించాలని ఉంటుంది. ఆ ఫిల్టరు పెట్టెలో ఉండదు. లెన్సు మూతి 82 మిల్లీమీటర్లు కనుక, పాత 58 మిల్లీమీటర్ల ఫిల్టర్లన్నీ ఇప్పుడు గ్లాసుల మీద మూతలుగా పనికొస్తున్నాయి. ఇదేం అన్యాయమని అడిగితే, 2007లో నికాన్ తెచ్చిన 14-24కి ముందు గాజు బుడగలా ఉబ్బి ఉంటుందని, దానికి మామూలు ఫిల్టరు బిగించడానికి దారే లేదని, అది కొనలేదు కాబట్టి సంతోషించమని సలహా.

తర్వాత వచ్చింది డ్రై క్యాబినెట్. మాది విశాఖపట్నం. సముద్రపు గాలికి గాజుల మధ్య ఫంగస్ పాకుతుంది, ఒకసారి పాకితే కోటింగ్ తినేస్తుంది, ఇది నిజమే, కాదనను. అందుకని అద్దం తలుపున్న కరెంటు పెట్టె ఒకటి హాల్లో వెలిసింది. అందులో తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య నిలకడగా ఉంటుంది. రాత్రీ పగలూ దీపం వెలుగుతూ ఉంటుంది. అదే హాల్లో, అదే గాలిలో, నా కీళ్ళూ నా చొక్కాలూ ఏ అంకె దగ్గరా నిలకడగా లేవు. వాటి సంగతి ఎవరూ కొలవరు.

ఒక్క విషయంలో మాత్రం నాకు గిట్టుబాటయింది. ఇంత పొట్టి ఫోకల్ లెంగ్త్‌కి ఇంత పొడవు గొట్టం ఎందుకని అడిగితే మంచి పాఠం దొరికింది. సాదాసీదా లెన్సయితే, దూరపు వస్తువు స్పష్టంగా పడాలంటే తన ఫోకల్ లెంగ్త్ ఎంతో సెన్సారుకి అంత దూరంలో ఉండాలి. పదహారు అయితే పదహారు మిల్లీమీటర్లు. కానీ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో ఆ చోట అద్దం ఒకటి లేస్తూ పడుతూ ఉంటుంది. దాని కోసం లెన్సు బిగించే కట్టుకీ సెన్సారుకీ మధ్య 44 మిల్లీమీటర్లు వదిలేశారు. మరి పదహారుని ఎక్కడ పెట్టాలి? 1950లో పియర్ ఆంజెన్యూ అనే ఫ్రెంచాయన ఈ ముడి విప్పాడు. ముందు వైపు పుటాకార గాజు పెట్టి వెలుతుర్ని విప్పార్చి, వెనక వైపు మళ్ళీ కూడగట్టాడు. అలా లెన్సు దూరంగా ఉంటూనే దగ్గరున్నట్టు పనిచేసింది. దానికి రెట్రోఫోకస్ అని పేరు పెట్టాడు. ఆయనది కదలని 35 మిల్లీమీటర్ల లెన్సు. మా ఇంట్లో ఉన్నది జూమ్, అందులో పదహారు గాజులు, వాటిలో కొన్నింటి వంపు గోళంలో ముక్క కాదు, ప్రత్యేకంగా చెక్కినది. ముందూ వెనకా కదులుతూ కూడా అన్నీ ఒక మాట మీద ఉండాలి. ఖరీదు ఎక్కడికి పోయిందో అర్థమైంది. అర్థం కావడం వల్ల తగ్గలేదు.

ఈ లెన్సు ఎఫ్ 2.8 రకం కదా, ఆ అంకె గురించి కూడా విచారణ జరిపాను. ఎఫ్ 4 రకం చౌక, తేలిక. తేడా ఒక్క స్టాప్, అంటే వెలుతురు సగానికి సగం. ఆవిడ వాదన బొర్రా గుహల చీకటి, లేపాక్షి నాట్యమంటపం కప్పు మీద బొమ్మలు. పురావస్తు శాఖవారి కట్టడాల్లో ముక్కాలి స్టాండు వేయాలంటే అనుమతి కావాలి కనుక చేత్తోనే పట్టుకుని తీయాలి, కనుక 2.8. వినడానికి బాగానే ఉంది. అయితే 2014లోనే ఎఫ్ 4లో వణుకు సర్దే ఏర్పాటుతో వచ్చిన లెన్సు ఉంది. లేపాక్షి బొమ్మలు విజయనగర రాజుల కాలం నుంచి కదలలేదు, మనం క్లిక్కుమనిపించే పావు సెకనులో కదులుతాయా అని నేను. "కింద నిలబడ్డ మనుషులు కదులుతారు" అని ఆవిడ. ఆ మనుషుల్లో నేనే ఎక్కువ కదులుతానని ఆల్బములో రుజువులు చూపించింది. ఈ అంశం మీద వాదనలు ముగిశాయి.

అసలు నేరం గ్రూపు ఫోటోది. మా మరదలి గృహప్రవేశానికి కొత్త లెన్సుతో పాటు స్నేహితురాలి దగ్గర ఫుల్ ఫ్రేమ్ బాడీ ఎరువు తెచ్చుకుని మరీ వెళ్ళింది. బంధువులందరూ వరండాలో ఒక్క వరసలో, ఒక్క ఫ్రేములో పట్టారు. ఎన్నడూ లేని ఈ ఐకమత్యానికి అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటో చూశాక తెలిసింది. ఇలాంటి లెన్సు తిన్నని గీతల్ని తిన్నగానే ఉంచాలని పట్టుబడుతుంది. స్తంభం స్తంభంలా, గుమ్మం గుమ్మంలా ఉంటాయి. ఆ నియమం నిలబెట్టడానికి అంచుల్లో ఉన్న గుండ్రటి వస్తువుల్ని సాగదీస్తుంది. పదహారు దగ్గర అయితే, ఫ్రేము కొసన ఉన్న తలకాయ ఎత్తుతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు వెడల్పు తేలుతుంది. తలకాయ కంటే గుండ్రటిది మనిషిలో ఇంకేముంది, నడుము తప్ప?

మన ఇళ్ళలో గ్రూపు ఫోటో అంటే మర్యాదల పట్టిక. మధ్యలో పెద్దలు, పక్కన అల్లుళ్ళు హోదా క్రమంలో, కొసల్లో ఆలస్యంగా వచ్చినవాళ్ళు, అలిగినవాళ్ళు. ఈ లెన్సు ఆ పట్టికని తలకిందులు చేసింది. నడిమధ్య పట్టుకుర్చీలో కూర్చున్న మా మామగారు పిడికెడంత అయ్యారు. భోజనాల వేళకి వచ్చి కొసన చేరిన మా తోడల్లుడు మహారాజులా విస్తరించాడు. రెండో కొసన ఉన్న మేనత్తగారు, ఆవిడ ఆ మధ్యే కష్టపడి ఆరు కిలోలు తగ్గారు, ఇంటికి ఫోను చేసి మా ఆవిణ్ణి ఒక్క మాటా అనలేదు. నన్ను అడిగారు. "ఏరా, నీ పెళ్ళాం చేత ఇది కావాలనే తీయించావా?" అని. రెట్రోఫోకస్ సంగతి చెప్పబోయాను. వినలేదు.

మా తోడల్లుడు మాత్రం ఆ లెన్సుకి భక్తుడైపోయాడు. ఎంవీపీ కాలనీలో ఉన్న తన ఫ్లాటు అద్దెకిస్తూ, గదుల ఫోటోలు వదినగారే తీయాలన్నాడు. ఈ లెన్సు దగ్గరిదాన్ని పెద్దది చేసి దూరపుదాన్ని ఇంకా దూరం నెడుతుంది కదా, గుమ్మంలో నిలబడి తీస్తే ఎదుటి గోడ పక్క వీధిలోకి వెళ్ళిపోతుంది. పదడుగుల పడగ్గది కల్యాణ మండపమైంది. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాల లోపల తీసిన ఫోటో కూడా నా దగ్గరుంది. 2002 నుంచి జనం ఒంగి, పక్కకి తిరిగి నడిచే ఆ ఇరుకులో, ఫోటోలో మాత్రం పెళ్ళి ఊరేగింపు వెళ్ళేలా ఉంది. ఫోటోలు చూసి ఫ్లాటు చూడ్డానికి వచ్చినవాళ్ళు, హాల్లో నిలబడి హాలెక్కడని అడిగారట.

ఇంతకంటే పెద్ద దెబ్బ మా ఇంటికే తగిలింది. "వైడ్ అంటే వెనక్కి వెళ్ళి తీసేది కాదండీ, దగ్గరకెళ్ళి తీసేది" అని ఆవిడ సిద్ధాంతం. ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల దాకా మీదకి రావచ్చట. అలా నేను పేపరు చదువుకుంటుండగా వచ్చి తీసిన ఫోటో ఒకటి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. అందులో నా మోకాలు ప్రముఖంగా ఉంది. మోకాలి వెనక, నాలుగు మూలల దాకా, ఎక్కడా మసక లేకుండా, మా హాలు మొత్తం ఉంది. దుప్పటి కప్పిన ట్రెడ్‌మిల్లు ఉంది. సాలెగూడుంది. పాత పేపర్లున్నాయి, పై పేపరు మీద తేదీ కూడా చదువుకోవచ్చు. చెమ్మ మరక క్యాలెండరుని దాటి రెండు వైపులా ఎంత పాకిందో స్పష్టంగా ఉంది. మూలల్లో కూడా వివరం పోకపోవడమే ప్రొఫెషనల్ లెన్సు గొప్పతనమని, ఎఫ్ 2.8 దగ్గరే ఇంత షార్ప్‌గా ఉంటే ఎఫ్ 8 దగ్గర ఎలా ఉంటుందో చూడమని ఆవిడ మురిసిపోతుంటే, అమెరికా నుంచి మా అబ్బాయి, "నాన్నా, ఆ గోడ ఏంటి?" అని మెసేజ్ పెట్టాడు. దాని కింద మేనత్తగారు ఒక దణ్ణం బొమ్మ పెట్టారు. ఎందుకో నాకు తెలుసు.

ఇంక రంగులు వేయించక తప్పలేదు. పెయింటరుకి ఫోను చేస్తే, ముందు గది ఫోటో పంపమన్నాడు. మా ఆవిడ పంపింది. కొత్త లెన్సుతో, పదహారు దగ్గర, గుమ్మంలోంచి. అతను చూసి, ఇంత పెద్ద హాలుకి పుట్టీ, ప్రైమరు, రెండు కోటింగులు, నలుగురు మనుషులు అని లెక్క వేసి, చెప్పిన అంకె లెన్సు ఖరీదులో సగం దాకా వచ్చింది. అది నిజానికి చిన్న గదే బాబూ అంటే నమ్మడం లేదు, బేరం ఆడుతున్నాననుకుంటున్నాడు. ఆదివారం కొలవడానికి వస్తానన్నాడు. టేపు ఒక కొస అతను పట్టుకుంటాడు, రెండో కొస నేనే పట్టుకుంటాను. ఆ సమయానికి కెమెరా పెట్టెలోనే ఉండాలని మా ఆవిడకి ముందే చెప్పి ఉంచాను.