రవాణా శాఖ వారికి ఒక బ్రేకు విన్నపం

మహారాజశ్రీ రోడ్డు రవాణా శాఖ పెద్దలకు, ధర్మపురి జిల్లా కారిమంగళం వాస్తవ్యుడైన ఒక ట్రాక్టరు ఆసామి చేసుకుంటున్న విన్నపం.

అయ్యా, మా తమ్ముడి కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. వాడి పికప్ ట్రక్కుకు, వెనక తగిలించిన ట్రైలరును ఆపే కంట్రోలరు కంపెనీలోనే బిగించి ఇచ్చారు. వాడు బ్రేకు తొక్కితే చాలు, ఏడు పిన్నుల సాకెట్‌లోంచి నీలం తీగ మీదుగా కరెంటు వెళ్తుంది. ట్రైలరు చక్రాల డ్రమ్ముల్లోని అయస్కాంతాలు ఆ కరెంటుకు డ్రమ్ముకు అతుక్కుని, తిరిగే ఊపుతో బ్రేకు షూలను తెరుస్తాయి.

ఈమధ్య ట్రైలరు వెనకే ఉన్నా, డాష్‌బోర్డు మాత్రం లేదంటోందట. పిల్లాడు పిన్నుల చిలుము గీకాడు. చేతి లీవరు నొక్కించి చక్రం పక్కన దిక్సూచి పెట్టాడు. అయస్కాంతం పనిచేస్తుంటే ముల్లు కదలాలి. కదల్లేదు. చివరికి దొంగ దొరికాడు: తెల్ల తీగ, అంటే ఎర్తు, బోల్టు కింద తుప్పు! అది గీకాక ముల్లు గిర్రున తిరిగింది. ఆనక ఖాళీ రోడ్డు మీద 40 కిలోమీటర్ల వేగంతో పోతూ, చక్రాలు బిగుసుకుపోయే హద్దుకు కాస్త ఇవతల ట్రైలరు బ్రేకు జోరు చెప్పే ‘గెయిన్’ అంకె నిలిపాడు. అక్కడ 4,500 పౌన్లు, అంటే సుమారు 2 టన్నులు దాటిన ట్రైలరుకు బ్రేకు ఉండి తీరాలి. కొక్కెం ఊడిపోతే దానంతటదే ఆగడానికి ట్రైలరు మీదే చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది.

మా ట్రాలీకి ఈ బాధలేవీ లేవు. తీగ లేదు, తుప్పు పట్టదు. బ్రేకు లేదు, చెడిపోదు. మా కంట్రోలరు మడ్‌గార్డు మీద కూర్చునే కుర్రాడు, చేతిలో రాయితో. ఎత్తులో బండి వెనక్కి జారితే దూకి చక్రం కింద పెడతాడు. గెయిన్ పెంచాలంటే పెద్ద రాయి తెచ్చుకోవాలి. లోపం వెతకడమూ తేలికే: కుర్రాడు నిద్రపోయాడా, రాయి పడిపోయిందా?

కొబ్బరికాయలైనా, మామిడికాయలైనా మేం ఎక్కేది శ్రీనగర్ నుంచి కన్యాకుమారి పోయే 44వ నంబరు రహదారే. ధర్మపురి దాటితే తొప్పూరు కనుమ. బ్రేకులున్న లారీలే ఆ దిగుడులో పట్టు తప్పుతుంటాయి. మా ట్రాక్టరుకు బ్రేకులు వెనక చక్రాలకే, అవీ కుడికొక పెడలు, ఎడమకొక పెడలు. పొలంలో మలుపుకు అది సుఖం. రోడ్డెక్కేటప్పుడు రెంటినీ కలిపి గొళ్లెం వేయాలి. మరిచిపోయి ఒకటే తొక్కితే ట్రాక్టరు పక్కకు లాగుతుంది; నాలుగు టన్నుల బరువుతో ట్రాలీ మాత్రం తిన్నగా వచ్చి మీద పడుతుంది. మర్నాడు పేపర్లో ‘డ్రైవరు అజాగ్రత్త’ అని రెండు వాక్యాలు.

వెనక ఎర్ర రిఫ్లెక్టరు అతికించమంటారు. మంచిదే, అది వెనకవాణ్ణి కాపాడుతుంది. ముందు కూర్చున్నవాడి మాటేమిటి?

టెక్సాస్ డబ్బా కావాలని అడగడం లేదు. ఐరోపాలో కరెంటుతో పనిలేని ఓవర్‌రన్ బ్రేకు ఉంది: ట్రైలరు ముందుకు తోస్తే కొక్కెమే లోపలికి నొక్కుకుని దాని బ్రేకు వేస్తుంది. మా లేతు షెడ్డు మేస్త్రీకి బొమ్మ గీసిస్తే చేయగలడు. పుస్తకంలో నిబంధన ఏమున్నదో మీకే బాగా తెలుసు. ఏడాదికోసారి ట్రాలీని బరువుతో దిగుడులో నిలబెట్టి చూడండి. ఆ పూట కూలీ మేమే పెట్టుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు.

జత: రాయి ఒకటి, వాడినదే. పుణేలోని వాహన పరీక్షల సంస్థ ఏఆర్‌ఏఐకి పంపి, పరీక్ష చేయించి, సర్టిఫికెట్టు ఇప్పించగలరు.