మామ చేతుల వేగం

ఆ వీడియో నిడివి 28 సెకన్లు. అందులో కనిపించే చీర మగ్గం దిగడానికి మా మామకు తొమ్మిది రోజులు పట్టింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలన్న బుద్ధి ఆ రోజు నాకు పుట్టలేదు.

మాది చిలమత్తూరు. ఇంటి ముందు గదే నా పట్టు చీరల అంగడి. రెండు బీరువాలు, కింద చాప, చాప మీద తెల్ల దుప్పటి. కొడికొండ చెక్‌పోస్టు మీదుగా బెంగుళూరుకు పోయే వాళ్లకు మా ఊరు రోడ్డు పక్కన ఒక బోర్డు, అంతే. చుట్టుపక్కల పల్లెల వాళ్లు, బాగేపల్లి వైపు నుంచి వచ్చే తెలుగు కుటుంబాలు, వాళ్లే నాకు ఆధారం. నెలకు పది పన్నెండు చీరలు పోయేవి. పెళ్లిళ్లు లేని నెలల్లో అదీ లేదు. అయినా అమ్మిన ప్రతి చీరా ఏ ఇంటికి పోయిందో నాకు తెలుసు. ఏ పెళ్లిలో కట్టుకున్నారో కూడా తెలుసు.

మామ హిందూపురం ముదిరెడ్డిపల్లిలో నేస్తాడు. మా అమ్మకు వరసకు అన్న. ఇంట్లోనే గుంట మగ్గం, పైన జాకార్డు పెట్టె. పొద్దున ఏడుకు గుంటలో కాళ్లు పెడితే మధ్యాహ్నం అన్నానికే లేచేది. అత్త పక్కన కూర్చుని కండెలు చుడుతుంది. వాన గట్టిగా పడితే గుంటలోకి నీళ్లు ఊరుతాయి, అప్పుడు పని లేదు, కూలి లేదు. అయినా ఆయన నేసిన చీరను చేత్తో పట్టుకుంటే ఒక బరువు తెలుస్తుంది. ఆ బరువు పట్టుదీ కాదు, జరీదీ కాదు. దాన్ని మాటల్లో చెప్పడం నాకు ఇప్పటికీ రాదు.

ఆయన దగ్గర ఒక నమూనా ఉండేది. లేపాక్షి వీరభద్రస్వామి గుడిలో లతా మండపం ఉంది కదా, ఆ స్తంభాల మీద చెక్కిన తీగలూ పువ్వులూ మా వైపు నేతగాళ్లకు ఎప్పటి నుంచో నమూనాల పుస్తకం లాంటివి. విజయనగర రాజుల కాలంలో, అచ్యుత దేవరాయల ఏలుబడిలో విరూపణ్ణ కట్టించిన గుడి అది. ఆ రాళ్ల మీది తీగ ఈనాటికీ చీర అంచుల్లో పాకుతూనే ఉంది. మామ ఒక స్తంభం ముందు రెండు మూడు ఆదివారాలు కూర్చుని, నోటుబుక్కులో గీసుకుని, ధర్మవరంలో గ్రాఫు వేయించి, అట్టలు కొట్టించుకున్నాడు. దానికయిన డబ్బు అప్పుగా తెచ్చుకున్నదే. చిలకపచ్చ ఒంటికి వంగపండు రంగు అంచు, ఒళ్లంతా ఆ తీగ బుటా. అట్లాంటి చీర నేను ఇంకెక్కడా చూడలేదు.

నాకు వీడియోల పిచ్చి ఎట్లా పట్టిందో చెప్పాలి. 2024 జనవరి నెలాఖరులో హైదరాబాదులో కుమారి ఆంటీ సంగతి అందరి ఫోన్లలోనూ తిరిగింది. మాదాపూర్‌లో రోడ్డు పక్కన అన్నం కూరలు అమ్ముకునే మనిషి. చిన్న చిన్న వీడియోలు తిరిగి తిరిగి జనం ఎంత వచ్చారంటే రోడ్డు జామైంది. పోలీసులు ఆ బండిని అక్కడి నుంచి తీయమన్నారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కలగజేసుకుని ఆమెను అక్కడే ఉండనివ్వమన్నారు. నేను అది చూసి రాత్రంతా నిద్రపోలేదు. పెద్ద షాపు లేదు, ప్రకటనలు లేవు, ఒక ఫోను చాలు అనుకున్నాను. అన్నం కుండ సంగతి నాకు తట్టలేదు. జనం రెట్టింపయితే ఇంకో కుండ పొయ్యి మీద పెట్టొచ్చు. తెల్లారి లేచి ఇంకో బస్తా బియ్యం దించుకోవచ్చు. మగ్గం ముందు రెట్టింపు జనం నిలబడినా పేక ఒక్కొక్క పోగే పడుతుంది. ఈ చిన్న లెక్క తెలియాలంటే చదువు అక్కరలేదు, ఒక రోజు మామ పక్కన ఊరికే కూర్చుంటే చాలు. నేను ఎన్నోసార్లు కూర్చున్నాను కూడా.

అంతకు ముందే ఒక హెచ్చరిక కళ్ల ముందు జరిగింది. మా చిన్నాన్న కొడుకు టిక్‌టాక్‌లో తన మిక్స్చరు బండి వీడియోలు పెట్టి వేలమందిని సంపాదించుకున్నాడు. 2020 జూన్ 29న కేంద్రం ఆ యాప్‌ను నిషేధించింది. వాడి వేలమంది ఒక్క రాత్రిలో పోయారు. వాళ్లలో ఒక్కరి ఫోన్ నంబరు కూడా వాడి దగ్గర లేదు. కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్, ఆ పైన యూట్యూబ్‌లో షార్ట్స్ వచ్చాయి. జనం అటు మళ్లారు, నేనూ మళ్లాను. వాడికి ఏం పోయిందో ఆగి ఆలోచించలేదు.

2024 ఆషాఢంలో ముదిరెడ్డిపల్లికి పోయి వీడియో తీశాను. ఆషాఢంలో అమ్మకాలు ఉండవు, శ్రావణానికి సిద్ధపడే కాలం అది. మామ ఏమీ అడగలేదు. "కరెంటు లైటు వేసుకో అల్లుడా, ముఖం కనపడదు" అన్నాడు. ఇంటికొచ్చి చూసుకుంటే వీడియో నత్తలా నడుస్తోంది. మొదటి మూడు సెకన్లలో పట్టుకోకపోతే వేలు పైకి జరిపేస్తారని అందరూ చెప్పే మాట. అందుకని వేగం రెట్టింపు చేశాను. నాడె మెరుపులా అటూ ఇటూ ఎగిరింది. మామ చేతులు యంత్రాల్లా ఆడాయి. అప్పుడు బాగా నడుస్తున్న ఒక సినిమా పాట కింద వేశాను. చివర్లో చీర విప్పి కొంగు చూపించి, ధర 11,800 అని, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేయండి అని రాశాను. "మగ్గం నుంచి నేరుగా మీ ఇంటికి" అని పెద్ద అక్షరాలతో పెట్టాను.

నాలుగో రోజుకు ఆరు లక్షల మంది చూశారు. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, అమెరికాలో డల్లాస్ నుంచి మెసేజ్‌లు. అంగడికి వచ్చిన మనిషితో మాట్లాడుతూ కూడా నా కళ్లు ఫోను మీదే ఉండేవి. బాగేపల్లి నుంచి ఎన్నేళ్లుగానో వచ్చే ఒక అక్క ఆ వారంలోనే వచ్చింది. కూతురి నిశ్చితార్థానికి చీర కావాలంది. నేను బీరువా తెరిచి వదిలేసి వాట్సాప్‌లో పడ్డాను. ఆమె తనే నాలుగు చీరలు తీసి చూసుకుని, తనే మడిచి పెట్టి, "మళ్లీ వస్తాలే నాయనా" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆరు లక్షల మందిలో ఒక్కరు ఆమెతో సమానం కాదని నాకు ఆరోజు తెలియలేదు.

వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16న. ఆ లోపల చీర చేరాలని 34 మంది పూర్తి డబ్బు వేశారు. నా దగ్గర ఆ తీగ బుటా చీరలు మూడే ఉన్నాయి. మామ నెలకు నేసేది మూడు. ఆ రోజే ఫోన్ చేసి ఇంత మందికి ఇవ్వలేను, డబ్బు వెనక్కి పంపుతాను అంటే అయిపోయేది. మర్యాదగా అర్థం చేసుకునేవాళ్లే ఎక్కువ ఉండేవారు. నేను అట్లా చేయలేదు. పవర్‌లూమ్ చీరలు అమ్మే ఒక హోల్‌సేల్ వ్యాపారికి ఆ చీర ఫోటోలు పంపాను. ఒళ్లు, అంచు, కొంగు, దగ్గరగా తీసిన బుటా, అన్నీ నా చేతులతోనే పంపాను. వాళ్లు కంప్యూటర్‌లో గ్రాఫు వేసుకుని రెండు వారాలు తిరగకుండా 31 చీరలు పంపారు. ఒక్కొక్కటి 6,200. అదే పచ్చ, అదే వంగపండు రంగు, అదే తీగ. మామ చీర మీద నాకు మిగిలేది పదిహేను వందలు. వీటి మీద 5,600.

నాకు నేను చెప్పుకున్న సమాధానం సిల్క్ మార్క్. ఆ చీరలకు సిల్క్ మార్క్ చీటీ ఉంది, పట్టు అసలుదే, ఇంకేం మోసం అనుకున్నాను. "చేతి నేతేనా?" అని అడిగిన ఇద్దరు ముగ్గురికి ఆ చీటీ ఫోటోనే జవాబుగా పంపాను. కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన ఆ ముద్ర చెప్పేది పట్టు స్వచ్ఛత ఒక్కటే. మగ్గం ఏదో అది చెప్పదు. చేతి నేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ అని వేరే ముద్ర ఉంది. అంతకన్నా ముందు, 1985లోనే కొన్ని రకాలను చేతి మగ్గానికే కేటాయించేందుకు పార్లమెంటు చట్టం చేసింది, ఆ రకాల్లో చీర కూడా ఉంది. ఆ చట్టం సరిగ్గా అమలు కావడం లేదని ధర్మవరంలో, హిందూపురంలో నేతన్నలు ధర్నాలు చేయడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఒకసారి మామతో పాటు నేనూ పోయి ఎండలో కూర్చున్నాను. అట్లాంటి వాడిని ఆ 31 చీరలనూ మామ ముఖం ఉన్న వీడియో కింద అమ్మాను.

సెప్టెంబరులో ఒక పెద్దావిడ బెంగుళూరు నుంచి వచ్చింది. అడ్రసు అడుగుతూ అంగడి దాకా నడిచే వచ్చింది. కోపంగా ఏమీ లేదు. సంచిలోంచి చీర తీసి, దుప్పటి మీద తిరగేసి పరిచింది. నన్ను పక్కన కూర్చోమంది. నేసేటప్పుడు బట్ట వెడల్పు తగ్గకుండా రెండంచులకూ గుచ్చిపెట్టే కర్ర ఉంటుంది, దాని ముళ్లు అంచు పొడుగునా సన్నటి బెజ్జాల గుర్తులు వదులుతాయి. ఆ గుర్తుల కోసం వేలితో అంచంతా తడిమి చూపించింది. ఎక్కడా లేవు. బుటాలు కొలత గీసినట్టు అన్నీ ఒకేలా ఉన్నాయి. చెయ్యి అలిసిన చోటు ఒక్కటీ లేదు.

"మాది ధర్మవరం నాయనా. మా నాయన మగ్గం కిందే నేను పుట్టి పెరిగింది. వీడియోలో ఆయన్ను చూసి మా నాయనే గుర్తొచ్చి కొన్నాను" అంది.

నేను సిల్క్ మార్క్ చీటీ తీసి చూపించాను. ఆ క్షణంలో కూడా ఆ పనే చేశాను.

"అది పట్టుకు వేసిన ముద్రప్పా. నేను కొన్నది ఆయన చేతిని" అంది.

డబ్బు తిరిగి ఇచ్చాను. ఆమె లెక్కపెట్టుకోకుండా సంచిలో వేసుకుని, మంచినీళ్లు అడిగి తాగి, బస్సుకు టైమవుతుందని లేచింది. ఆమె వెళ్లాక అంగడి తలుపు వేసి లోపల కూర్చున్నాను. అమ్మ రెండు సార్లు పిలిచింది.

మిగిలిన 30 మందికీ ఫోన్ చేయడానికి నాకు ఆరు రోజులు పట్టింది. 19 మంది చీర వెనక్కి పంపారు. 11 మంది ఉంచుకుంటామన్నారు, వాళ్లకు తేడా డబ్బు పంపాను. తిట్టినవాళ్లు ఉన్నారు, ఆ మాటలు నాకు న్యాయంగానే అనిపించాయి. ఒకామె మాత్రం ఏడుపు గొంతుతో, "చీర బాగుందన్నా, ఉంచుకుంటాను. కానీ చేతి నేత అని చెప్పి మా అత్తకు పెట్టినాను. ఇప్పుడు ఆమెకు ఎట్లా చెప్పేది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అమ్మ గాజులు బ్యాంకులో పెట్టి ఆ డబ్బు సర్దాను. గాజులు ఇంకా అక్కడే ఉన్నాయి.

మామకు నేను చెప్పక ముందే తెలిసిపోయింది. దసరాకు హిందూపురంలో ఒక షాపు అద్దాల వెనక ఆయన తీగ బుటా చీర 7,500కు వేలాడుతోంది. నా దగ్గర మొదలైన నమూనా పవర్‌లూమ్‌ల మీద ఎన్ని వందల చీరలయిందో ఎవరికి తెలుసు. వీధిలో వాళ్లు ఆయన్నే అడిగారట, నువ్వే పవర్‌లూమ్ వాళ్లకు నమూనా అమ్ముకున్నావా అని. నలభై ఏళ్లు ఆ వీధిలో నేసిన మనిషిని.

నేను పోయేసరికి గుంటలోనే ఉన్నాడు. నాడె ఆపాడు.

"ఫోన్లో నన్ను చూపించినావంట గదా అల్లుడా. చూపీ."

ఆయన అప్పటిదాకా ఆ వీడియో చూడనే లేదు. ఆరు లక్షల మంది చూశారు, ఆయన చూడలేదు, చూపించాలని నాకు తోచలేదు. ఇచ్చాను. చెయ్యి చాపి దూరంగా పట్టుకుని చూశాడు. ఇంకోసారి పెట్టమన్నాడు.

"నా చేతులు ఇంత బిరబిరా ఆడతాయా?"

"లేదు మామా. నేనే జోరు పెంచినా."

"ఎందుకప్పా?"

"నిదానంగా ఉంటే జనాలు చూడరని."

ఆయన ఫోను నాకిచ్చి కాసేపు పడుగు వైపు చూశాడు. "నిదానమే కదా మన సరుకు" అన్నాడు. తిట్టలేదు. అత్త లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది.

ఆ తర్వాత ఆ చీరకు ఇంక గిరాకీ రాలేదు. 7,500కు దొరికేదానికి 11,800 ఎవరిస్తారు? మామ జాకార్డు మీది నుంచి ఆ అట్టలు దించి, పాత పంచెలో మూట కట్టి అటక మీద పెట్టాడు. ఇప్పుడు సాదా బుటా నేస్తున్నాడు. ఎవరైనా కాపీ కొట్టినా పోయేదేమీ ఉండదని. నేను నెలకు మూడు చీరలు ఆయన దగ్గరే తీసుకుంటున్నాను. ప్రతి చీరకూ ఎన్ని రోజులు పట్టిందో ఒక చీటీ మీద రాసి మడతలో పెడుతున్నాను. వెనక్కి వచ్చిన పవర్‌లూమ్ చీరల్లో ఏడు ఇంకా కింది బీరువాలో ఉన్నాయి. అడిగినవాళ్లకు అవి ఏమిటో చెప్పి, దానికి తగ్గ ధరకే ఇస్తాను. ఎక్కువమంది తాకి చూసి పక్కన పెడతారు. బాగేపల్లి అక్క ఇంటికి ఒకసారి పోయి రావాలి, ఇంకా ధైర్యం చాలలేదు.

ముదిరెడ్డిపల్లికి పోయినప్పుడు ఫోను బయట అరుగు మీద పెట్టి లోపలికి పోతాను. మామ పెట్టమనలేదు. లోపల నాడె ఆడుతుంటే అరుగు మీద అది మోగుతూ ఉంటుంది. లేచి పోవాలని కాళ్లు లాగుతాయి. మామ అటువైపు చూడడు. నేను గుంట పక్కన చాప మీద కూర్చుని, ఒక బుటా మొదలైన దగ్గర నుంచి పూర్తయ్యేదాకా లేవకుండా ఉండటానికి చూస్తున్నాను. మొన్న సగం దాకా ఉండగలిగాను.