లుబ్లియానా వెళ్తే కోట ఎక్కకండి

స్లొవేనియా రాజధానిలో దిగగానే అందరూ కొండమీది కోటకు పరుగెడతారు. మీరు ఎక్కకండి. పైనుంచి కనబడేవి ఎర్ర పెంకుల కప్పులే. ఈ ఊరు తన సొగసంతా చేతికందే ఎత్తులో, కాళ్ల దగ్గర పెట్టుకుంది. తల వంచుకుని నడవండి.

వానొస్తే గదిలో కూర్చోకండి. వాన కోసమే కాచుకోండి. పాతబస్తీలో క్ల్యుచావ్నిచార్స్కా అనే ఇరుకు సందుంది. అక్కడ నేలలోని సన్నటి కాలువలో శిల్పి యాకోవ్ బ్రదార్ పోతపోసిన చిన్న చిన్న కంచు మొహాలు వందల్లో ఉన్నాయి. తడవని రోజున అవి వట్టి లోహం. నీళ్లు పారుతుంటే ఒక్కో మొహం కదులుతుంది, ఏడుస్తుందో నవ్వుతుందో తేల్చుకోలేం. బట్టలు తడిస్తే తడవనివ్వండి, అక్కడే గొంతుక్కూర్చోండి.

2010లో కట్టిన కసాయివాళ్ల వంతెన మీద అందరూ ప్రేమ తాళాలు వేస్తారు. మీరు తాళం కొనకండి. పిట్టగోడ వెంట వేళ్లు ఆనించి నడిస్తే కంచు కప్పలు, గవ్వలు తగులుతాయి. అవీ బ్రదార్‌వే. రొమ్ము చీలిన ప్రొమీథియస్ విగ్రహం ముందు మాత్రం ఆగండి, తొందరపడకండి.

1905 నాటి మహాకవి ప్రెషెరెన్ విగ్రహం దగ్గరికి వెళ్లి, దానికి వీపు పెట్టి నిలబడండి. అమర్యాదేం కాదు. ఆయన చూసే వైపు చూడండి: వోల్ఫోవా వీధిలో ఓ ఇంటి గోడ మీద యూలియా ప్రిమిత్స్ ప్రతిమ కనిపిస్తుంది. ఆయన ప్రేమించింది ఆమెనే, ఆమె పెళ్లాడింది మరొకరిని. విగ్రహంతో సెల్ఫీ దిగి వెళ్లిపోయేవాళ్లకు ఈ చూపు అందదు, నాకు వాళ్ల మీద జాలి.

డ్రాగన్ వంతెన దగ్గర ఫొటో ఒక్కటి చాలు.

జాతీయ గ్రంథాలయానికి పుస్తకాల కోసం వెళ్లకండి. 1941లో పూర్తయిన ఆ భవనాన్ని కట్టిన వాస్తుశిల్పి యోజె ప్లెచ్నిక్, తలుపు పిడిని గుర్రం తలగా మలిచాడు. తలుపు తోసేముందు దాన్ని అరచేతిలో పట్టుకోండి. లోపల 32 నల్లరాతి స్తంభాల నడుమ మెట్లున్నాయి, చీకట్లోంచి వెలుగులోకి నెమ్మదిగా ఎక్కండి. ఆయన కట్టడాలకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఈ పిడి పట్టుకుంటే ఎందుకొచ్చిందో తెలుస్తుంది.

మెతెల్కోవాకు రాత్రి వెళ్లమంటారు. పట్టపగలు వెళ్లండి. యుగోస్లావ్ సైన్యం వదిలేసిన బ్యారక్‌లను 1993లో కళాకారులు ఆక్రమించుకున్నారు. సంగీతమూ జనమూ లేని వేళే ఆ గోడల మీది బొమ్మల్ని తీరిగ్గా చూడొచ్చు. రంగు కొత్తగా ఉంటే తాకకండి.