పదిహేడు లేని ఓడ

జెనోవా రేవులో ఓడెక్కిన రోజు దాన్ని మొదట కనిపెట్టింది ఒహాయో ఆవిడ. లిఫ్టులో మీటల వరస మీద వేలు పెట్టి 14, 15, 16 అని పైకి లెక్కపెట్టుకుంటూ వెళ్లి 18 దగ్గర ఆగింది. వేలు కిందికి దించి మళ్లీ లెక్కపెట్టింది. 17 లేదు.

"రిపేరులో ఉందేమో" అన్నాడు ఆవిడ భర్త.

అంతస్తు రిపేరులో ఉండటమేమిటని ఎవరూ అడగలేదు. లిఫ్టు నిండా జనం, పెట్టెలు. మూల నిలబడ్డ ఇండోనేసియా కుర్రాడు, ఓడ సిబ్బందే, నవ్వాడు.

"ఇటలీ ఓడ మేడమ్. ఇటలీలో 17 మంచిది కాదు."

"మరి 13 ఉందే!" అందావిడ. ఆ అంకె చెప్పేటప్పుడు గొంతు తగ్గింది. ఫ్లారిడా నుంచి బయల్దేరే ఓడల్లో నాలుగుసార్లు తిరిగిందట. ఎక్కడ చూసినా 12 పైన 14 తప్ప ఇంకోటి ఎరగదట.

మా పెద్ద తోడల్లుడు ఫోను తీసి ఆ మీటల పలకని ఫొటో తీశాడు. మేం లిఫ్టు దిగేలోపే అది కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడింది. కింద ఒకటే ముక్క: "ఈ కాలంలో కూడా!" డాలస్ నుంచీ గుంటూరు నుంచీ నవ్వు బొమ్మలు వరసకట్టాయి.

ఆయన అమెరికా వచ్చి 30 ఏళ్లు దాటింది. డేటాబేసుల పనిలో రిటైరయ్యాడు. రుజువు లేని మాటంటే ఒప్పుకోడు. మా ఆవిడా వాళ్లక్కా కలిసి కూడబలుక్కుని పెట్టిన ప్రయాణం ఇది. ఏడు రాత్రులు. జెనోవా, నేపుల్స్, మెస్సీనా, వలెట్టా, ఒక రోజంతా సముద్రం, బార్సిలోనా, మార్సే, మళ్లీ జెనోవా.

టికెట్టులో రెండు రకాలున్నాయి. చవక రకంలో కంపెనీ ఏ గది ఇస్తే అది. కొంచెం ఎక్కువ కడితే ఓడ పటం చూసి గది ముందే ఎంచుకోవచ్చు. మేం చవక రకం తీసుకున్నాం. మాకు 12086 వచ్చింది. తోడల్లుడు ఎక్కువ కట్టి ఎంచుకున్నాడు. ఆయనది 13113.

"ముందూ పదమూడే, వెనకా పదమూడే" అన్నాడు తలుపు ముందు నిలబడి. మా ఆవిడ చేత ఫొటో తీయించుకున్నాడు. వదిన లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది.

ఓడలో భోజనాల బల్లలు భాషని బట్టి వేస్తారు. మైకులో ప్రకటన కూడా ఐదు భాషల్లో వస్తుంది: ఇటాలియన్, ఇంగ్లీషు, ఫ్రెంచి, స్పానిష్, జర్మన్. ఐదోది అయ్యేసరికి మొదటిది చెప్పిన సంగతి జరిగిపోయి ఉంటుంది. మాది ఇంగ్లీషు బల్ల, ఎనిమిది కుర్చీలు. మేం నలుగురం, ఒహాయో దంపతులు, ఇంకా జెనోవాలో లాటిన్ చెప్పి రిటైరైన ఒక మేష్టారూ ఆయన భార్యా. ఆవిడది స్కాట్లండు. అందుకని ఇంగ్లీషు బల్ల దగ్గర వేశారు.

మొదటి రోజు ఒహాయో ఆయన సాయంత్రం ఆరింటికే భోజనానికి వెళ్లి, మూసి ఉన్న తలుపులు చూసి తిరిగొచ్చాడు. మా బల్లకి వడ్డన 21:30కి. ఆ అంకెల్లోంచి పన్నెండు తీసేసి చూసి, "రాత్రి తొమ్మిదిన్నరకి మా ఊళ్లో కుక్కలు కూడా పడుకుంటాయి" అన్నాడు. మంచినీళ్లు అడిగితే సీసా తెచ్చి, బిల్లు మీద సంతకం అడిగారు. ఐసు అడిగితే గ్లాసులో రెండు ముక్కలు వేసి తెచ్చారు. భోజనం చివర ఒహాయో ఆవిడ కాపుచినో చెప్పింది. మేష్టారు ఏమీ అనలేదు గాని తన గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయాడు. పాలు కలిపిన కాఫీ పొద్దుటి పూటకే గాని తిన్న తర్వాత కాదని ఆయన భార్య తర్వాత చెప్పింది. ఇవన్నీ రెండు రోజుల్లో సర్దుకున్నాయి. సర్దుకోనిది పదిహేడే.

"అసలు ఎందుకు?" అని మొదలెట్టాడు తోడల్లుడు, మొదటి రాత్రే.

మేష్టారు కాగితం రుమాలు మీద రోమన్ అంకెల్లో 17 వేశాడు. నాలుగు అక్షరాలు. వాటినే కింద వరస మార్చి రాశాడు. అది లాటిన్ మాటయింది: విక్సీ. "నేను బతికాను" అని అర్థం.

"మంచి మాటే కదా?" అంది మా ఆవిడ.

"బతికాను అంటున్నాడంటే ఇప్పుడు లేడని" అన్నాడు మేష్టారు.

రుమాలు బల్ల చుట్టూ తిరిగింది. తోడల్లుడి దగ్గరకొచ్చేసరికి ఆయన దాంతో మూతి తుడుచుకున్నాడు.

"మరి మీకు 13?" అని మేష్టార్ని అడిగింది ఒహాయో ఆవిడ.

"మాకది అదృష్టం. ఫుట్‌బాల్ పందేల్లో 13 ఆటల ఫలితాలు సరిగ్గా రాస్తే పెద్ద బహుమతి వచ్చేది. ఎవడికైనా దశ తిరిగితే ఇప్పటికీ పదమూడు కొట్టాడంటాం."

ఒహాయో ఆయన ఒప్పుకోలేదు. అపోలో 13 సంగతి తీశాడు. 1970 ఏప్రిల్ 11న బయల్దేరింది. హూస్టన్ గడియారం ప్రకారం సరిగ్గా 13 గంటల 13 నిమిషాలకి. 13వ తేదీ రాత్రి ఆక్సిజన్ ట్యాంకు పేలింది. దాని కమాండరు జిమ్ లొవెల్ తమ క్లీవ్‌లండ్‌లో పుట్టినవాడేనట. చెప్పడం అయ్యాక బల్లగుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి చెక్కని రెండుసార్లు తట్టాడు. ఆ కింద ఉన్నది చెక్కో ప్లాస్టిక్కో తెలియదు. సరిగ్గా అప్పుడే మేష్టారు ఎడమ చెయ్యి ఫోర్కు మీద పడింది. ఇటలీలో ఇనుము ముట్టుకుంటారట.

తోడల్లుడు ఇద్దరినీ చూశాడు. "వాళ్లు క్షేమంగా సముద్రంలో దిగింది ఎన్నో తారీఖు?"

ఒహాయో ఆయన గుర్తు తెచ్చుకున్నాడు. "ఏప్రిల్ 17."

"పేలింది 13న. బతికి బయటపడింది 17న. ఇప్పుడు మీ ఇద్దరిలో ఎవరు రైటు?"

ఎవరూ మాట్లాడలేదు. వెయిటరు ప్లేట్లు తీసుకుపోయాడు.

"అంకె అంటే అంకె. అంతే" అన్నాడు తోడల్లుడు. "ఓడ తేలేది ఆర్కిమెడీస్ సూత్రం మీద. లిఫ్టులో మీటల మీద కాదు."

"ఆర్కిమెడీస్ సిసిలీ వాడు" అన్నాడు మేష్టారు, అక్కడికి అదొక్కటైనా తన ఖాతాలో వేసుకుంటూ.

అప్పుడు బయటికొచ్చింది టెర్మినల్ కథ. పొద్దున చెకిన్ దగ్గర కౌంటర్లో అమ్మాయి తోడల్లుడికి 15వ అంతస్తులో బాల్కనీ గది ఇస్తానంది. పైసా అదనం లేకుండా. కాగితం మీద నంబరు రాసి ఆయన వైపు తిప్పింది. నేను పక్క కౌంటర్లో ఉన్నాను. ఆయన కాగితాన్ని కాసేపు చూసి, వద్దన్నాడు. అర్థం కాలేదేమోనని ఆ అమ్మాయి "ఫ్రీ, సర్" అని ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఆయన మళ్లీ వద్దన్నాడు. నాకు 13113 చాలు అన్నాడు.

ఒహాయో ఆవిడ చెయ్యి గుండెల మీద పెట్టుకుంది. వాళ్లకి మొదట 13వ అంతస్తే వస్తే, ఊళ్లో ఉండగానే ఫోన్ల మీద ఫోన్లు చేసి 12కి మార్పించుకున్నారట. మేష్టారు భార్య, లుఫ్తాన్సా విమానాల్లో 13వ వరసా ఉండదు, 17వ వరసా ఉండదు, ఎవరినీ నొప్పించడం ఎందుకని రెండూ తీసేశారని చెప్పింది. బల్ల దగ్గర అందరూ తోడల్లుడి వంకే చూస్తున్నారు. వదిన చేప ముల్లు తీసుకుంటోంది.

నేపుల్స్ దాటిన రాత్రి నుంచి వదిన కళ్లు ఎర్రగా ఉండటం మొదలైంది. 13 పైన 14. అందులో బఫే హాలు. అక్కడ తెల్లవారుజామున ఐదున్నరకి కుర్చీలు సర్దుతారు. ఇనప కాళ్ల కుర్చీలు. ఒక్కో కుర్చీనీ ఎత్తరు, లాగుతారు. రాత్రి ఒంటిగంటకి ఇంకోసారి లాగుతారు, నేల తుడవడానికి. 13113 సరిగ్గా వాటి కింద.

"నా నెత్తి మీద లాగుతున్నట్టుందే" అంది వదిన మా ఆవిడతో.

మెస్సీనాలో ఊరు చూడ్డానికి దిగలేదు. వలెట్టాలో దిగి, బస్సులో కూర్చునే నిద్రపోయింది. సముద్రం రోజున మధ్యాహ్నం మా గదికొచ్చి నాలుగు గంటలు పడుకుంది. మా గది మీద ఉన్నవి పడకగదులే. చీమ చిటుక్కుమనదు.

ఆ సాయంత్రం తోడల్లుడితో అన్నాను, "అన్నగారూ, గదులు మార్చుకుందాం. మాకు కుర్చీల గోల పెద్ద పట్టింపు లేదు. నేను చెవిలో దూది పెట్టుకుంటాను."

"మీ గది నంబరెంత?" అన్నాడు.

"12086."

ఆయన రెయిలింగు పట్టుకుని సముద్రం వైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

"వద్దులేవోయ్. బల్ల దగ్గర అందరికీ చెప్పాక ఇప్పుడు మారితే ఏం బాగుంటుంది?"

నిజమే. అప్పటికి ఆ గదికి పేరొచ్చేసింది. ఈ ఓడకి ఒక మొదలూ చివరా లేదు. ప్రతి రేవులో ఎక్కేవాళ్లు ఎక్కుతారు, దిగేవాళ్లు దిగుతారు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వేసి కొత్తవాళ్లకి ప్రమాద హెచ్చరిక నేర్పుతారు. బార్సిలోనాలో ఎక్కిన ఇద్దరు ముగ్గురు అమెరికా వాళ్లకి కూడా ఒహాయో ఆవిడ ద్వారా సంగతి తెలిసింది. వాళ్లు 13వ అంతస్తు నడవాలోకి వచ్చి తలుపు చూసి పోయారు. ఒకాయన నంబరు పలకని వేలితో తాకి, వెంటనే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తోడల్లుడు లోపల్నుంచి తలుపు తెరిచి, "రండి, ఏం కాదు" అన్నాడు. వెనక మంచం మీద వదిన దిండు తల మీద పెట్టుకుని పడుకుని ఉంది.

చివరి రాత్రి మేష్టారు లేచి నిలబడ్డాడు. గ్లాసు ఎత్తి, ఈ ఓడ మీద స్వతంత్రుడు ఒక్కడే ఉన్నాడు అన్నాడు. అందరం గ్లాసులెత్తాం. తోడల్లుడు తాగడు గనక నీళ్ల గ్లాసు ఎత్తాడు. మేష్టారు భార్య గబుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది. నీళ్లతో చీర్స్ చెబితే ఇటలీలో అపశకునం. తన వైను నాలుగు చుక్కలు ఆ నీళ్లలో పొయ్యబోయింది.

తోడల్లుడు గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "నాకవేం లేవమ్మా" అన్నాడు తెలుగులో. తర్వాత ఇంగ్లీషులోనూ అన్నాడు. ఉత్త నీళ్లే ఎత్తి, గటగటా తాగేశాడు.

ఒహాయో ఆవిడ చప్పట్లు కొట్టింది. వచ్చే ఏడాది ధైర్యం చేసి 13వ అంతస్తులోనే గది తీసుకుంటానంది. భర్త బల్లగుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చాడు.

పొద్దున జెనోవాలో దిగాం. తోడల్లుడు ముందు వెళ్లి మేష్టారితో చేతులు కలుపుతున్నాడు. మా ఆవిడ బాత్రూముకి వెళ్లింది. పెట్టెల దగ్గర నేనూ వదినా మిగిలాం. ఆవిడ తన పెట్టె మీదే కూర్చుంది. కళ్ల కింద నల్లగా ఉంది.

"ఏడు రాత్రులు, వదినా!" అన్నాను. "ఒక పట్టుదల కోసం ఎవరైనా ఇంత పడతారా? ఊరికే ఇస్తామన్న బాల్కనీ గది తీసుకుంటే పోయేది కదా."

"పట్టుదలేమిటి?" అంది వదిన.

"అదే, పదమూడు..."

"ఆ పిల్ల కాగితం మీద రాసింది 15011 మరిదిగారూ. కూడితే ఎనిమిది. ఇదైతే తొమ్మిది. మా కారు నంబరు చూళ్లేదూ?"

నాకు కాసేపు మాట రాలేదు.

"పోనీ, మా గది ఇస్తానన్నాను కదా?"

"అదీ కూడారు" అంది వదిన. "పదిహేడు వచ్చింది."