ఓటిమద్దెల వీరుడు

సైక్లోక్రాస్ అంటే, సైకిల్ తొక్కడానికి ఏమాత్రం పనికిరాని నేలను వెతికి పట్టుకుని, సెప్టెంబరు మొదలుకొని చలికాలం ముదిరేదాకా ఆదివారాలు ఆ నేలమీదనే నడిపించే సైకిల్ పందెం. రెండున్నర నుంచి మూడున్నర కిలోమీటర్ల పొడవుండే ఒకే దారిని పోటీదారులు గంటలోపు ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు చుట్టివస్తారు. ఆ దారిలో పచ్చిక, బురద, ఇసుక, ఏటవాలు గట్లు, ఒక్కోచోట మెట్లు ఉంటాయి, ఇవి చాలవన్నట్టు నిర్వాహకులు 40 సెంటీమీటర్ల ఎత్తుకు మించని చెక్కపలకలను దారికి అడ్డంగా నిలబెడతారు. పలక ఎదురుకాగానే మామూలు పోటీదారు కదులుతున్న సైకిల్ మీది నుంచి దిగి, దాన్ని ఎత్తి పట్టుకుని దాటి, గట్టు మరీ నిటారుగా ఉంటే భుజానికి తగిలించుకుని పరుగెత్తి, పైకి చేరాక మళ్లీ ఎగిరి సీటుమీద కూర్చోవాలి. సైకిల్ మనిషిని మోయడం లోకంలో ఉన్న ఏర్పాటు కాగా, మనిషి సైకిల్‌ను మోయడం ఈ క్రీడలో విధి.

దీని పుట్టిల్లు ఫ్రాన్సు. డానియెల్ గూసో అనే సైనికుడు 1902లో అక్కడ తొలి జాతీయ పోటీని నిర్వహించాడు. 1910లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఒక్తావ్ లాపీజ్ తన గెలుపు వెనుక చలికాలపు ఈ బురదసాధన ఉందని చెప్పిన తరవాత దీనికి మర్యాద పెరిగింది. 1950లో పారిస్‌లో తొలి ప్రపంచ పోటీ జరిగింది. ఆ తరవాత పెత్తనం బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతానికి మారింది, అక్కడివాడైన ఎరిక్ డె వ్లామింక్ ఏడుసార్లు ప్రపంచ విజేత అయ్యాడు. ఈ వ్యాసానికి కావలసిన మనిషి అటువంటి జాబితాలలో దొరకడు. అతడు పుష్కలంగా లభించే చోటు అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో, వానకు పేరుపడిన పోర్ట్‌లాండ్ నగరం చుట్టుపక్కల. అక్కడ క్రాస్ క్రూసేడ్ అనే పోటీల వరుస మంచి ఊపుమీద ఉన్న రోజుల్లో ఆల్పెన్‌రోజ్ అనే పాలడెయిరీ ఆవరణకు ఒక్కరోజే వెయ్యిమందికి పైగా పోటీదారులు వచ్చేవారు. అంతమందిలో గెలుపు మీద ఆశ ఉన్నవారు పిడికెడు. మిగిలినవారు సోమవారం ఆఫీసుకు వెళ్లవలసినవారు.

అక్కడి పోటీదారులు పందెం మధ్యలో సైకిల్‌కు వచ్చే ఏ చెడుపునైనా ‘మెకానికల్’ అంటారు: చైను జారడం, గేరు పడకపోవడం, గాలి పోవడం, బ్రేకు పట్టకపోవడం అన్నీ దానికిందికే వస్తాయి. ఇది అందరికీ అప్పుడప్పుడు జరిగేదే. కొందరికి మాత్రం వారం తప్పకుండా జరుగుతుంది; ఆ కొందరిని యాంత్రిక బాధితులుగా వర్గీకరించవచ్చు. నలభై దాటిన వయసు, కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, రెండు కార్లు పట్టవలసిన గ్యారేజీలో ఒక్క కారుకైనా చోటు మిగల్చని సైకిళ్లు, ఆ సైకిళ్ల ధర గురించి ఇంట్లో చెప్పిన లెక్కకూ బిల్లులో ఉన్న లెక్కకూ పొంతన లేకపోవడం ఈ వర్గానికి సాధారణ లక్షణాలు. అరవైమంది బయలుదేరిన పందెంలో ఇతడు నలభయ్యో స్థానం చుట్టుపక్కల ముగిస్తాడు, అయితే ఆ అంకెను ఏనాడూ ఒంటరిగా బయటికి పంపడు. దాని వెంట కాపలాగా ఒక వివరణ నడుస్తుంది. నలభై ఒకటి వచ్చింది గానీ రెండో చుట్టులోనే చైను పడిపోయిందని, ముప్పై ఎనిమిది వచ్చింది గానీ సగం పందెం ఒక్క గేరుమీదనే తొక్కవలసివచ్చిందని అంటాడు.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇతణ్ణి చూడగానే తెలుగువారి నోట వస్తుంది, కాని అది సగమే సరిపోతుంది. సామెతలోని ఆటకత్తె ఆట చెడిన తరవాత మద్దెలను తప్పుపట్టింది. యాంత్రిక బాధితుడు అంత ఆలస్యం చేయడు. చక్కగా పలుకుతున్న మద్దెలను పందానికి ముందురాత్రే తన చేతులతో విప్పి, తెల్లవారేసరికి దాన్ని నిజంగానే ఓటిమద్దెల చేసి, దానితో రంగస్థలానికి వెళతాడు. అందువల్ల అతడు చెప్పే కారణాలలో అబద్ధం ఉండదు, ఎవరైనా వచ్చి పరీక్షించుకోవచ్చు.

శనివారం సాయంత్రం దాకా సైకిల్ సవ్యంగానే ఉంటుంది. భోజనం అయ్యాక ఒకసారి అలా తొక్కి చూసినప్పుడు పెడళ్ల ఇరుసు దగ్గర ఎక్కడో కిర్రుమన్నట్టు అతనికి అనిపిస్తుంది. ఇంట్లో మరెవరినైనా పిలిచి వినమంటే వారికి ఏమీ వినిపించదు. ఇరుసును చూడాలంటే పెడలు కాడలు ఊడదీయాలి. ఊడదీస్తున్నప్పుడు చైను కాస్త సాగినట్టు కనిపిస్తుంది. అరిగిన పళ్లచక్రాల మీద కొత్త చైను కుదురుగా కూర్చోదన్న విద్య అతనికి తెలుసు గనుక చైనుతోపాటు పళ్లచక్రాలూ మార్చవలసివస్తుంది. అవి మారాక గేర్ల సర్దుబాటు మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. బోల్టును ఎంత గట్టిగా బిగించాలో న్యూటన్ మీటర్లలో కొలిచి చెప్పే టార్క్ రెంచి అతని దగ్గర ఉంది. 5 న్యూటన్ మీటర్లని రాసి ఉన్నచోట అణువంత కూడా తేడా రానివ్వడు, కాకపోతే బిగించవలసిన బోల్టులలో ఒకదాన్ని పూర్తిగా మరచిపోతాడు. అర్ధరాత్రి దాటాక పనిముట్లు సర్దుతుంటే నేలమీద ఒక సన్నని వాషరు మిగిలి ఉంటుంది. అది ఏ భాగానిదో ఎంత ఆలోచించినా తేలదు. చివరికి సైకిల్ తయారుచేసినవారే దాన్ని అనవసరంగా పెట్టారని నిర్ణయించి, జేబులో వేసుకుని పడుకుంటాడు.

అయినా ఇతని జీవితంలో పెద్దపీట హ్యాంగర్‌దే. వెనుక చక్రం పక్కన వేలాడుతూ, చైనును ఒక పళ్లచక్రం మీది నుంచి మరొకదాని మీదికి తోసే పరికరాన్ని డిరేలర్ అంటారు. దాన్ని సైకిల్ చట్రానికి కలిపే బొటనవేలంత అల్యూమినియం ముక్క హ్యాంగర్. దీన్ని కావాలనే మెత్తగా చేస్తారు, ఎందుకంటే దెబ్బ తగిలినప్పుడు వేల డాలర్ల చట్రం నిలిచి, చవకైన ఈ ముక్క వంగాలి లేదా విరగాలి. తడిసిన పొడవాటి గడ్డి డిరేలర్‌లోని రెండు బుల్లి చక్రాలకు చుట్టుకుని, దానిమీద బురద పేరుకుని, చైను ఎటూ కదలక బిగుసుకున్నప్పుడు తెలిసినవాడు తొక్కడం ఆపి, దిగి, గడ్డి పీకేస్తాడు. యాంత్రిక బాధితుడు మాత్రం ఆ బిగువును తన కాళ్ల బలహీనతగా భావించి ఇంకా గట్టిగా తొక్కుతాడు. తప్పు తనదేనని అతడు ఒప్పుకునే సందర్భం క్రీడాజీవితం మొత్తంలో ఇదొక్కటే, అదీ పొరపాటే. డిరేలర్ వెనక్కి మెలితిరిగి, చక్రపు పుల్లల మధ్య దూరి, హ్యాంగర్ టక్కున విరుగుతుంది. చైను నేలమీద ఈడ్చుకుపోతుంది. పక్కన నిలబడిన ప్రేక్షకులు ఆవులకు కట్టే గంటలు, అంటే ఈ క్రీడలో చప్పట్లకు బదులు వాడేవి, ఇంకాస్త ఉత్సాహంగా మోగిస్తారు. హ్యాంగర్లు ఒక్కో సైకిల్‌కు ఒక్కో ఆకారంలో ఉండడం పాత తలనొప్పి. 2019లో స్రామ్ సంస్థ ఏ తయారీదారైనా తన కొత్త చట్రాలకు వాడుకోదగిన ఒకే నమూనాను తెచ్చింది, కాని ఇతని సైకిల్ అంతకు ముందటి ఏడాదిది. అతని పెట్టెలో ఎప్పుడూ నాలుగైదు కొత్త హ్యాంగర్లు సిద్ధంగా ఉంటాయి, అవన్నీ అతడు ఇదివరకే అమ్మేసిన సైకిళ్లవి.

పందెంలో సైకిల్ చెడితే దారి పక్కన కేటాయించిన పిట్ అనే ఆవరణలో మాత్రమే మరో సైకిల్ తీసుకోవచ్చు. అక్కడికి ముందుకు సాగుతూనే చేరాలి గాని వెనక్కి మళ్లకూడదు. పిట్ దాటి పది అడుగులు వెళ్లాక హ్యాంగర్ విరిగితే, చెడిన సైకిల్‌ను భుజాన వేసుకుని తరవాతి పిట్ దాకా పరుగెత్తవలసిందే. పేరున్న పోటీదారులకు ఇది సమస్య కాదు. వారికి ఒకే రకపు సైకిళ్లు రెండుమూడు ఉంటాయి, బురద ఎక్కువైన రోజుల్లో సగం చుట్టుకోసారి ఒకటి మార్చుకుంటారు, వదిలేసినదాన్ని సహాయకులు నీటిధారతో కడిగి నూనె వేసి మళ్లీ సిద్ధం చేస్తారు. యాంత్రిక బాధితుడికి పిట్‌లో ఉండేది పదేళ్లనాటి పాత సైకిల్, దాని పక్కన గొడుగు పట్టుకుని నిలబడిన భార్య. ఆయన రొప్పుతూ వచ్చి కొత్త సైకిల్‌ను అక్కడ పారేసి పాతదాన్ని అందుకుంటాడు, ఎగిరి కూర్చుంటాడు, పాదం పెడలులో ఇరుక్కోదు. బూటు అడుగున ఉండే లోహపు కొక్కెం పెడలులో టిక్కుమని పట్టుకోవడం ఈ సైకిళ్ల పద్ధతి. బురద నిండితే కొంత తడబాటు అందరికీ మామూలే, కాని ఇక్కడి కారణం బురద కాదు. గురువారం నాడు ఆ మంచి పెడళ్లు విప్పి మరో సైకిల్‌కు బిగించినవాడు, దీనికి వేరే రకపు కొక్కేనికి పనికొచ్చే పెడళ్లు తగిలించినవాడు ఆయనే. “ఇవి ఎవరు మార్చారు?” అని అడుగుతాడు. భార్య జవాబు చెప్పదు. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటినవారికి ఏ ప్రశ్నకు జవాబు అక్కరలేదో తెలుస్తుంది.

ఇటువంటి మనిషిమీద మోసం అనుమానం ఎవరికీ రాదు. 2016లో బెల్జియంలోని జోల్డర్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ఒక పోటీదారు సైకిల్ చట్రంలో దాచిన మోటారు బయటపడి ఆరేళ్ల నిషేధం పడింది. యాంత్రిక బాధితుడి చట్రంలో ఎవరైనా మోటారు పెట్టినా అది మొదటి మలుపులోనే కాలిపోయేది, ఆ మోటారు బరువు వల్లనే వెనుకబడ్డానని ఆయన న్యాయంగా వాదించేవాడు. గేర్ల బెడదే వద్దని ఒకే గేరున్న సైకిళ్లతో పందెం చేసే ఒక వర్గం పోర్ట్‌లాండ్‌లో ఉంది, వారికి డిరేలర్ లేదు, హ్యాంగర్ లేదు, గడ్డి చుట్టుకోవడానికి చోటే తక్కువ. వారిని ఇతడు పైకి వెక్కిరిస్తాడు, లోపల భయపడతాడు, ఎందుకంటే ఆ సైకిల్ ఎక్కితే చెడగలిగిన వస్తువు తానొక్కడే మిగులుతాడు.

పందెం అయ్యాక గుడారాల దగ్గర జరిగే సంభాషణే ఈ వర్గానికి అసలు వేదిక. అక్కడ ఒక మర్యాద ఉంది: ఎలా తొక్కావని ఎవరూ ఎవరినీ అడగకూడదు, సైకిల్ ఎలా ఉందని అడగాలి. అప్పుడు ఒకడు తన బ్రేకులు కూతపెట్టిన సంగతి చెబుతాడు, మరొకడు బేరింగుల్లోకి నీళ్లు చేరిన వైనం చెబుతాడు, యాంత్రిక బాధితుడు విరిగిన హ్యాంగర్ ముక్కను జేబులోంచి తీసి చేతినుంచి చేతికి తిప్పుతాడు. అందరూ దాన్ని వెలుతురులో పెట్టి చూస్తారు, విరిగిన అంచుమీద వేలు రాసి తలలు పంకిస్తారు. ముప్పై ఐదో స్థానంవాడూ యాభయ్యో స్థానంవాడూ ఈ సభలో సమానులు. నిజానికి యాభయ్యో స్థానంవాడి మాటకే కొంచెం ఎక్కువ విలువ, అతని అనుభవం విస్తృతం గనుక.

ఈ జీవితానికి పెద్ద ఆపద ఏ రెండు మూడేళ్లకో ఒకసారి వస్తుంది. ఏ కారణం చేతనో శనివారం రాత్రి గ్యారేజీలోకి వెళ్లడం కుదరదు, పిల్లవాడి పుట్టినరోజో, అనుకోని అతిథులో అడ్డుపడతారు, మరునాడు సైకిల్ తాకకుండా అలాగే పందానికి వస్తుంది. చైను జారదు. గేర్లు అడిగిన వెంటనే పడతాయి. బ్రేకులు నోరెత్తవు. గడ్డి తనంతట తానే రాలిపోతుంది. ఆయన మొదటి చుట్టంతా చెవులు రిక్కించి కిర్రుమనే చప్పుడు కోసం వెతుకుతాడు, మూడో చుట్టుకు కంగారు మొదలవుతుంది, చివరి చుట్టులో వెనుకనుంచి వచ్చిన పదిమంది ఒకరి తరవాత ఒకరు దాటిపోతుంటే తల వంచి డిరేలర్ వంక ఆశగా చూస్తాడు. అది నిక్షేపంగా పనిచేస్తూ ఉంటుంది. ఫలితాల కాగితం మీద నలభయ్యో స్థానం, దాని పక్కన ఏ కాపలా లేకుండా.

ఆ రోజు గుడారం దగ్గర ఆయన చాలాసేపు మాట్లాడడు. సైక్లోక్రాస్‌లో టైరులో గాలి ఎంత తక్కువగా ఉంటే బురద మీద పట్టు అంత దొరుకుతుంది, మరీ తగ్గితే మలుపులో టైరు అంచు రిమ్మునుంచి విడివడి గాలి బుస్సున పోతుంది. ఈ రెంటి నడుమ, గాలి ఒత్తిడిని పీఎస్ఐలలో కొలిచే సరైన అంకె కోసం పందానికి ముందు అందరూ బొటనవేళ్లతో టైర్లు నొక్కుతూ తిరుగుతారు. మూడు స్థానాలు ముందు ముగించిన మిత్రుడు ఎదురుపడగానే ఆయన ముఖంలోకి నెమ్మదిగా వెలుగు వస్తుంది.

“ఎంత పెట్టావు గాలి?”

“ఇరవై నాలుగు పీఎస్ఐ.”

“అదీ సంగతి! నాది ఇరవై ఆరు.”

మిత్రుడు సానుభూతితో భుజం తడతాడు, రెండు పీఎస్ఐలు అంటే చిన్న తేడా కాదంటాడు, ఆయన కారు దగ్గరికి చేరేలోపే అరపీఎస్ఐ తేడాను కూడా పట్టగల గాలిమీటరుకు ఫోనులో ఆర్డరు పెట్టేస్తాడు.